గోమారి కాటు, లైమ్ వ్యాధి తొలిదశ: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చే పెద్దవాళ్ల కోసం, అక్కడా జర్మనీలోనూ చదువుకుంటున్న పిల్లల కోసం, అరకు, వంజంగి తిరిగొచ్చాక జ్వరం పడినవాళ్ల కోసం ఈ పేజీ. ఈ మూడు గుంపులకూ భయం ఒకటే గానీ జబ్బు ఒకటి కాదు. ఆ తేడా దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి.

విశాఖలో గోమారి (పిడుదు) పట్టుకుంటే లైమ్ వస్తుందా?

ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. లైమ్‌కు కారణం బొరేలియా అనే మెలికలు తిరిగిన బ్యాక్టీరియా. దాన్ని మనిషికి ఎక్కించేది ఇక్సోడిస్ జాతి గోమార్లు. మన గేదెల పొదుగు దగ్గరా చెవుల కిందా కనిపించేవి, వీధికుక్క చెవిలో గుత్తులుగా వేలాడే పిడుదులు వేరే జాతులవి, వాటితో లైమ్ రాదు. మన దేశంలో హిమాలయ ప్రాంతాల నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి అడపాదడపా కేసులు నమోదయ్యాయి గానీ, మన తీరంలో జ్వరమొస్తే మొదట గుర్తుకు రావాల్సిన పేరు ఇది కాదు. అలాగని కుక్క పిడుదు సాధువేమీ కాదు. దానివల్ల మచ్చల జ్వరం రావచ్చు. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్రటి మచ్చలు లేస్తాయి.

అయితే ఎవరు జాగ్రత్త పడాలి?

అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లేవాళ్లు ముందు. కనెక్టికట్, న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, మేరీలాండ్, వర్జీనియా, పైన మిన్నెసోటా, విస్కాన్సిన్. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్లో 1975 ప్రాంతంలో పిల్లలకు వరసగా మోకాళ్లు వాచడంతో ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది, ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. అక్కడ ఏటా సుమారు 4,76,000 మంది లైమ్‌కు చికిత్స తీసుకుంటున్నారని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఈ ముప్పు చాలా తక్కువ. జర్మనీతో సహా యూరప్‌లో చాలా చోట్ల ఉంది, అక్కడి గోమారి ఇక్సోడిస్ రిసినస్.

మే నుంచి జులై దాకా పిల్ల గోమార్లు చురుగ్గా ఉంటాయి. మన ఎండలు తప్పించుకుందామని పెద్దవాళ్లు విమానమెక్కేది సరిగ్గా ఆ నెలల్లోనే. పట్టుకోవడానికి అడవికే వెళ్లాలని లేదు. ఇంటి వెనక పెరట్లో గడ్డి చెట్లను కలిసే అంచు, రాలిన ఆకుల కుప్ప, కట్టెల పేర్పు చాలు. పొద్దున్నే చెప్పులేసుకుని పెరట్లో కొత్తిమీర మడి గుల్ల చేయడం ఇక్కడ అలవాటు, అక్కడ అదే పని పాదాలకు గోమారిని తెస్తుంది.

కుడితే నొప్పి తెలియదా?

తెలియదు. కుట్టేటప్పుడు అది చర్మాన్ని మొద్దుబార్చే పదార్థాన్ని వదులుతుంది. పిల్ల గోమారి గసగసాల గింజంత, పెద్దది నువ్వుగింజంత. మన చర్మం రంగు మీద దాన్ని కొత్త పుట్టుమచ్చ అనుకోవడం మామూలే. వేలితో తడిమితే ఇది కాస్త ఎత్తుగా గరుకుగా తగులుతుంది. భూతద్దమో ఫోన్ కెమెరాయో పెట్టి చూస్తే కాళ్లు కనిపిస్తాయి.

వెతకాల్సింది మడతల్లో, బట్ట బిగిసే చోట్ల. గజ్జలు, చంకలు, మోకాలి వెనక గుంట, బొడ్డు, చెవి వెనక, తలవెంట్రుకల అంచు. మన వాళ్లకు ఇంకో రెండు చోట్లు కలపాలి: మొలతాడు కింద, లంగా నాడా బిగించిన గీత మీద. పైకి పాకుతూ వచ్చిన గోమారి అడ్డం తగిలిన దగ్గర ఆగి పట్టుకుంటుంది. బయటి నుంచి వచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేసి, అప్పుడే వెతికితే అంటుకోనివి నీళ్లతో పోతాయి, అంటుకున్నవి దొరుకుతాయి. వీపు మనకు మనం చూసుకోలేం, ఇంకొకరు చూడాలి.

పట్టుకుని ఉన్న గోమారిని ఎలా తీయాలి?

మొన సన్నగా ఉన్న ట్వీజర్ కావాలి. కనుబొమ్మలు తీర్చే వెడల్పు మొనది పనికిరాదు, అది గోమారి పొట్టను నొక్కుతుంది. ఒంటిని కాకుండా తలను, అంటే చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పట్టుకోవాలి. తిప్పకుండా, కుదపకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగాలి. చర్మం చిన్న గుడారంలా లేస్తుంది. అక్కడే ఆపి కొన్ని క్షణాలు అలాగే పట్టుకుని ఉంటే అది పట్టు వదులుతుంది. చటుక్కున లాగితే నోటిముక్క తెగి లోపల ఉండిపోతుంది. తీశాక ఆ చోటును సబ్బునీళ్లతోనో స్పిరిట్‌తోనో తుడిచి, చేతులు కడుక్కోవాలి.

ట్వీజర్ లేదని రెండు రోజులు ఆగొద్దు. టిష్యూ కాగితం అడ్డం పెట్టి గోళ్లతోనైనా తీసేయడమే మేలు.

కిరసనాయిలు, సున్నం, ఉప్పు, పసుపు ముద్ద, నెయిల్ పాలిష్, కొబ్బరినూనె, అగ్గిపుల్ల సెగ, ఇవేవీ వద్దు. గేదెలకు వాడిన పద్ధతి కాబట్టి పెద్దవాళ్లకు చెయ్యి అటే పోతుంది. కానీ ఊపిరాడక విలవిల్లాడే గోమారి తన పొట్టలోని ద్రవాన్ని మన గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. పైగా అది చచ్చేదాకా ఎదురుచూస్తూ విలువైన గంటలు పోగొట్టుకుంటాం.

తీసినదాన్ని వేళ్ల మధ్య నలపకండి. చిన్న జిప్ కవరులో వేసి, తేదీ, ఒంటిమీద ఏ చోట, ఏ ఊళ్లో అన్న మూడూ రాసిపెట్టండి. ముందు ఒక ఫోటో తీయండి. ఏ జాతిదో చెప్పడానికి, పొట్ట ఉబ్బిందా చదునుగా ఉందా చూడటానికి అది డాక్టరుకు పనికొస్తుంది. గోమారినే ల్యాబ్‌కు పంపి లైమ్ పరీక్ష చేయించడం మాత్రం డబ్బు దండగ. అందులో బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన మీకు ఎక్కిందని కాదు. లేదని తేలినా, మీరు చూడని ఇంకో గోమారి కుట్టలేదని కాదు.

తల లోపలే ఉండిపోయింది. ఏం చేయాలి?

పైపైన అందితే తీయండి, అందకపోతే వదిలేయండి. సూదితో తవ్వితే పుండు పడుతుంది. ముల్లుముక్కలా కొన్నాళ్లకు చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒళ్లు తెగిపోయాక ఆ ముక్క వల్ల లైమ్ ఎక్కదు.

ఎంతసేపు పట్టుకుని ఉంటే ప్రమాదం?

బొరేలియా గోమారి పొట్టలో ఉంటుంది. రక్తం తాగడం మొదలయ్యాక అక్కడి నుంచి లాలాజల గ్రంథుల దాకా రావాలి. అందుకే సాధారణంగా 24 గంటలు దాటాకే ముప్పు మొదలవుతుంది, 36 నుంచి 48 గంటలకు బాగా పెరుగుతుంది. ఒంటిమీద పాకుతూ దొరికినది, చదునుగా ఉండగానే తీసేసినది దాదాపు నిరపాయం. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒళ్లు చూసుకునే అలవాటుకు ఇంత విలువ అందుకే.

కుట్టిన వెంటనే జాగ్రత్తకు ఒక మాత్ర వేసుకోవచ్చా?

మూడు షరతులూ కలిస్తేనే. అది ఇక్సోడిస్ గోమారి అని తెలియాలి, లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో పట్టుకుని ఉండాలి, 36 గంటలో అంతకన్నా ఎక్కువో అంటుకుని ఉండాలి. అప్పుడు తీసిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ 200 మి.గ్రా. ఒకే ఒక్కసారి. పిల్లలకు కిలో బరువుకు 4.4 మి.గ్రా., 200 దాటకుండా. 72 గంటలు దాటితే ఆ మాత్రకు అర్థం లేదు, 30 రోజులు గమనించుకోవడమే మార్గం. అమాక్సిసిలిన్‌తో ఈ జాగ్రత్త మోతాదు పద్ధతి లేదు. విశాఖలో కుక్క పిడుదు కుట్టినదానికి ఇది వేసుకోనక్కర్లేదు.

లైమ్ మచ్చ ఎలా ఉంటుంది?

ఈ జబ్బును గుర్తుపట్టడంలో సగం పని ఈ ప్రశ్న దగ్గరే ఉంది.

కుట్టిన 3 నుంచి 30 రోజుల మధ్య, చాలామందికి వారం పది రోజులకు, కుట్టిన చోట మచ్చ మొదలవుతుంది. రోజురోజుకూ పాకుతుంది. లైమ్ వచ్చినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి ఇది కనిపిస్తుంది. తాకితే కాస్త వెచ్చగా ఉండొచ్చు. దురద, నొప్పి పెద్దగా ఉండవు. పైన పొట్టు లేవదు, చీము పట్టదు. నొప్పీ దురదా లేని మచ్చ వీపు మీదో మోకాలి వెనకో ఉంటే ఎవరూ చూడకుండానే వచ్చి వెళ్లిపోతుంది.

ఇంటర్నెట్‌లో వెతికితే నడుమ చుక్క, చుట్టూ తెల్ల వలయం, దాని చుట్టూ ఎర్ర వలయం ఉన్న గురిచూసే పలక లాంటి బొమ్మే వస్తుంది. అది తెల్లవాళ్ల చర్మం మీద తీసిన ఫోటో, పైగా అలా వలయాలుగా ఉండేది కొందరికే. చాలామందికి అంతా ఒకే రంగులో నిండుగా ఉన్న గుండ్రటి లేదా కోలగా ఉన్న మచ్చే. మన చామనఛాయ మీద ఎరుపు సరిగా తేలదు. ముదురు ఊదాగానో, గోడకు కొట్టుకుంటే కమిలినట్టుగానో ఉంటుంది. రంగును బట్టి వెతికితే దొరకదు. పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

దానికో సులువైన పద్ధతి ఉంది. బాల్ పెన్నుతో మచ్చ అంచు వెంట గీత గీయండి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీయండి. ఆ బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, రెండు బిళ్లలు పక్కపక్కన పెడితే 5.4 సెం.మీ. మర్నాడు అదే వేళకు మళ్లీ తీయండి. మచ్చ గీత దాటి పాకి, రెండు బిళ్లల వెడల్పు దాటిందంటే లైమ్ మచ్చగానే చూడాలి. గోమారి కుట్టగానే వచ్చే మామూలు దద్దు ఇలా ఉండదు. అది ఒకటి రెండు రోజుల్లోనే లేస్తుంది, దురద పెడుతుంది, 5 సెం.మీ. లోపే ఆగి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది.

మా అమ్మ తామర అనుకుని ఆయింట్‌మెంట్ రాసేసింది. పరవాలేదా?

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. తామర అంచు గరుకుగా, పొట్టు లేచి, విపరీతంగా దురద పెడుతూ వారాల తరబడి మెల్లగా పాకుతుంది. లైమ్ మచ్చ నున్నగా ఉండి రోజుల్లో పాకుతుంది. మెడికల్ షాపులో తామరకని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాస్తే రంగు తగ్గి మచ్చ రూపు మారిపోతుంది, లోపలి బ్యాక్టీరియాకు మాత్రం ఏమీ కాదు. రాయడం ఆపేసి, రాయకముందు తీసిన ఫోటో ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించండి. సూట్‌కేసులో తామర ట్యూబు పెట్టుకుని అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మచ్చ లేదు, జ్వరం మాత్రం వచ్చింది.

మచ్చ లేకుండానూ లైమ్ మొదలవుతుంది. కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి, మెడ పట్టేయడం, విపరీతమైన అలసట. ముక్కు కారడం, దగ్గు ఉండవు. ఎండాకాలంలో జలుబు లేని ఫ్లూ లాగా అనిపిస్తే అనుమానించాలి.

అమెరికా నుంచి విశాఖ వచ్చాక జ్వరమొస్తే ముందు మలేరియా, డెంగీ చూడాల్సిందే, అది సరే. కానీ అదే గోమారి మోసే ఇంకో పరాన్నజీవి ఉంది, బబీసియా. అది ఎర్రరక్తకణాల్లో చేరి, స్లైడ్ మీద అచ్చం ఫాల్సిపారం మలేరియా ఉంగరాల్లాగే కనిపిస్తుంది. ప్రయాణం సంగతి చెప్పకపోతే మలేరియా మందు పడుతుంది, జ్వరం తగ్గదు. ల్యాబ్ చీటీ మీదే "న్యూజెర్సీ నుంచి వచ్చి మూడు వారాలు" అని రాయించండి.

రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా?

మొదటి వారాల్లో తేలదు. పరీక్ష వెతికేది బ్యాక్టీరియాను కాదు, దానిమీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి చాలా రోజులు పడుతుంది. మచ్చ ఉండగా చేయించిన పరీక్ష నెగెటివ్ రావడం మామూలే. ఆ నెగెటివ్ చూసి మందు ఆపితే నష్టం. లైమ్ ఉన్న ప్రాంతంలో ఉండి, పాకే మచ్చ కళ్లెదుట ఉంటే పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టాలి.

మచ్చ లేనప్పుడే పరీక్ష పనికొస్తుంది. అదీ రెండు అంచెల్లో: ముందు ఎలీసా అనే యాంటీబాడీ పరీక్ష, అది పాజిటివ్ గానీ సందేహంగా గానీ వస్తే దాన్ని నిర్ధారించే వెస్టర్న్ బ్లాట్ లేదా రెండో రకం ఎలీసా. లక్షణాలు మొదలై నెల దాటాక ఐజీఎం (ముందుగా తయారయ్యే యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్ వస్తే లెక్కలోకి తీసుకోకూడదు, చాలాసార్లు అది తప్పుడు పాజిటివ్. ఐజీజీ (తర్వాత తయారై ఎక్కువకాలం ఉండే యాంటీబాడీ) చికిత్స అయ్యాక కూడా ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు. తగ్గిందో లేదో చూద్దామని మళ్లీ మళ్లీ చేయించడం అనవసరం.

లైమ్ ఉన్న ప్రాంతం గడప తొక్కనివాళ్లు కీళ్లనొప్పులకు ఈ పరీక్ష చేయించుకోవద్దు. సిఫిలిస్ లాంటి ఇతర మెలికల బ్యాక్టీరియా సోకినా ఎలీసా పాజిటివ్ రావచ్చు. ఆ కాగితం పట్టుకుని నెలల తరబడి యాంటీబయాటిక్ మింగడమే మిగులుతుంది.

ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు?

తొలిదశలో పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 10 రోజులు. అది పడనివాళ్లకు అమాక్సిసిలిన్ 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు 14 రోజులు, లేదా సెఫురాక్సిమ్ యాక్సెటిల్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 14 రోజులు. ఈ మూడూ పడకపోతేనే అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకు ఒకటి, 7 రోజులు. దీని పనితనం కాస్త తక్కువ.

మొదటిదాన్నే ఎంచడానికి కారణం ఉంది. అదే గోమారి ఎక్కించే అనాప్లాస్మా అనే మరో జబ్బుకు కూడా డాక్సీ పనిచేస్తుంది, అమాక్సిసిలిన్ పనిచేయదు. బబీసియాకు మాత్రం రెండూ పనిచేయవు.

మోతాదులు ఇక్కడ ఇచ్చింది మీకు రాసిన చీటీని అర్థం చేసుకోవడానికి, షాపులో అడిగి కొనుక్కోవడానికి కాదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లకు డాక్సీతో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే కొలత) పెరుగుతుంది. గుండె లయ తేడా ఉన్నవాళ్లకు అజిత్రోమైసిన్ ఆలోచించి ఇవ్వాలి. అరవై దాటిన ప్రయాణికుల్లో ఈ రెండు రకాలవాళ్లూ ఉంటారు.

డాక్సీ వేసుకుంటే గుండెల్లో మంట, వికారం. ఎలా వేసుకోవాలి?

ఖాళీ కడుపుతో వద్దు. పొద్దున టిఫిన్ మధ్యలో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. గ్లాసు నిండా నీళ్లు తాగాలి, వేసుకున్నాక కనీసం అరగంట నడుం వాల్చకూడదు. రాత్రి మంచం మీద కూర్చుని ఒక గుక్క నీళ్లతో మింగి పడుకుంటే క్యాప్సూల్ అన్నవాహికలో అంటుకుని అక్కడే పుండు చేస్తుంది. మూడోనాడు నీళ్లు మింగినా ఛాతీ మధ్యలో గుచ్చినట్టుంటుంది. మందు పడలేదనుకుని మానేసేవాళ్లలో చాలామందికి అసలు తప్పు ఇదే.

కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే తెల్లటి మందులు డాక్సీని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. వాటికీ దీనికీ రెండు మూడు గంటల ఎడం పాటించండి. పాలు, పెరుగు ప్రభావం అంత పెద్దది కాదు గానీ, గ్లాసుడు పాలతోనే మాత్ర మింగడం వద్దు. కోర్సు అయ్యేదాకా ఎండలో ఎక్కువసేపు ఉంటే చర్మం కమిలిపోతుంది. బీచ్ రోడ్డు మీద ఉదయం నడక ఏడింటిలోపు ముగించండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

పిల్లలకు, గర్భిణులకు?

పిల్లలకు డాక్సీ అయితే రోజుకు కిలోకు 4.4 మి.గ్రా. రెండు మోతాదులుగా. అమాక్సిసిలిన్ అయితే రోజుకు కిలోకు 50 మి.గ్రా. మూడు మోతాదులుగా, ఒక్కో మోతాదు 500 దాటకుండా. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీతో పళ్లు పచ్చబడతాయన్న భయం పాత టెట్రాసైక్లిన్ నుంచి వచ్చినది. చిన్న కోర్సులకు అది వర్తించదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. గర్భిణులకు అమాక్సిసిలిన్.

మందు మొదలుపెట్టిన రాత్రి జ్వరం ఇంకా పెరిగింది. మందు పడలేదా?

ఒకేసారి బ్యాక్టీరియా చచ్చి విరిగిపోవడంతో మొదటి 24 గంటల్లో కొందరికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు ఎక్కువవుతాయి. పారాసెటమాల్ వేసుకుని మందు కొనసాగించాలి. ఒక రోజులో దిగుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి అందకపోతే మాత్రం అది ఎలర్జీ, వెంటనే ఆసుపత్రికి.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి?

మూతి ఒక పక్కకు వంకర పోయినా, కన్ను మూతపడకపోయినా. వెలుతురు చూడలేనంత తలనొప్పితో మెడ బిగిసినా. ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, నాడి బాగా నెమ్మదించినా. బ్యాక్టీరియా నరాలకు, గుండెలోని విద్యుత్తు మార్గానికి చేరిందన్నమాట. మూతి వంకరను గాలి తగిలిందని వదిలేసి ఆవిరి పట్టేవాళ్లున్నారు. ఈసీజీ తీయించడం ఆలస్యం చేయొద్దు. గుండెకు గట్టిగా తగిలితే ఆసుపత్రిలో ఉంచి సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఒంటిమీద ఒకటికి మించి మచ్చలు లేచినా జబ్బు కుట్టిన చోటు దాటిందనే అర్థం.

కోర్సు పూర్తయినా నీరసం పోలేదు. ఇంకో నెల వాడనా?

వద్దు. మచ్చ కొన్ని రోజుల నుంచి వారాల్లో మాసిపోతుంది. అలసట, కీళ్లనొప్పులు కొందరిలో నెలల తరబడి సాగుతాయి. అలాంటివాళ్లకు నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి చూసిన పరీక్షల్లో లాభం కనపడలేదు, విరేచనాలు, సెలైన్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్లు మాత్రం కనపడ్డాయి. మోకాలు నిజంగా వాచి నీరు చేరితే అది వేరే సంగతి, దానికి వేరే కోర్సు ఉంది.

అరకు నుంచి వచ్చిన పది రోజులకు జ్వరం, నడుం దగ్గర నల్లటి పెచ్చు. ఇది లైమేనా?

కాదు, స్క్రబ్ టైఫస్ అయి ఉండొచ్చు. విశాఖవాసులు ఈ పేజీలో ఒక్క జవాబే చదివేటట్టయితే ఇది చదవాలి.

ఇది గోమారి వల్ల కాదు, చిగ్గర్ అనే నల్లిజాతి పురుగు పిల్ల వల్ల వస్తుంది. కంటికి ఆనదు. పొదలు, గట్ల మీది గడ్డి, ఎలుకలు తిరిగే చోట్లు దాని నివాసం. వానలు పడ్డాక, చలికాలం మొదలయ్యేదాకా ఎక్కువ. మంచు మేఘాలు చూద్దామని వంజంగి, లంబసింగి గడ్డి మీద గుడారం వేసుకుని పడుకునే సీజనూ అదే. కంబాలకొండ బాటలో పొద పక్కన కూలబడినా, ఇంటి పక్క ఖాళీ స్థలంలో కలుపు పీకినా పట్టుకోవచ్చు.

కుట్టిన 6 నుంచి 21 రోజుల మధ్య జ్వరం, పగిలిపోయే తలనొప్పి, ఒళ్లునొప్పులు. కుట్టిన చోట నొప్పి లేని పుండు, మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. లైమ్ మచ్చలా పాకదు, సెంటీమీటరు అటూ ఇటూ. చంకలో, గజ్జల్లో చెమటకు తడిసి నల్లగా కాక పసుప్పచ్చ పుండులా ఉండొచ్చు. రొమ్ముల కింద, బొడ్డులో, మొలతాడు కింద, జననాంగాల దగ్గర వెతకాలి. సిగ్గుపడి చూపించకపోవడం వల్లే చాలావరకు తప్పిపోతుంది. పెచ్చు అందరికీ ఉండదు, లేదని జబ్బు కాదనుకోవద్దు.

ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి డెంగీ అనుకుంటారు. పేరు దగ్గర్లో ఉందని, టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ అనుకుంటారు. టైఫస్ వేరు, టైఫాయిడ్ వేరు. టైఫాయిడ్‌కని సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించినా, అమాక్సిసిలిన్ ఇచ్చినా స్క్రబ్ టైఫస్ క్రిమికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, ఆ మందులు దానిమీద పనిచేయవు. రెండో వారంలోకి వెళితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి, ప్రాణం మీదికి వస్తుంది.

మందు చవకైనదే. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 7 రోజులు, లేదా అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకొకటి 5 రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్. సరైన మందు పడితే 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే జబ్బు అదేనా అని మళ్లీ ఆలోచించాలి. ఐజీఎం ఎలీసా జ్వరం మొదలైన అయిదారు రోజుల తర్వాతే నమ్మదగ్గ ఫలితం ఇస్తుంది. అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. టైఫస్‌కు చేసే వీల్ ఫెలిక్స్ అనే పాత పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, అది చాలా కేసులను పట్టుకోలేదు. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్దాసుపత్రికే నేరుగా.

నివారణకు ఏం చేయాలి?

అమెరికాలో పెరట్లోకైనా లేతరంగు ప్యాంటు, దాని అంచు సాక్సులోకి దోపి. చీరతో పెరటి పని చేయొద్దని అత్తగారికి చెప్పడం కష్టమే, కోడలి ట్రాక్‌ప్యాంటు ఇస్తే పని జరుగుతుంది. చర్మానికి పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు, 20 నుంచి 30 శాతం డీట్ గానీ 20 శాతం పికారిడిన్ గానీ. 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే బట్టలకు, బూట్లకు మాత్రమే, ఒంటికి కాదు. తిరిగొచ్చాక బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. గోమారి ఎండితే చస్తుంది, చల్లటి నీళ్లలో ఉతికితే చావదు.

అరకు వైపు వెళ్తే గడ్డి మీద దుప్పటి ఒక్కటే పరిచి పడుకోకండి, కింద ప్లాస్టిక్ పట్టా వేయండి. బట్టలు పొదల మీద ఆరేయకండి. దిగాక సబ్బుతో రుద్ది స్నానం చేయండి.

గోమారి కుట్టాక మటన్ తింటే దద్దుర్లు వస్తున్నాయి. సంబంధం ఉందా?

ఉండొచ్చు. అమెరికాలో లోన్ స్టార్ అనే వేరే గోమారి కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలు పడకుండా పోతాయి. తిన్న వెంటనే కాకుండా రెండు నుంచి ఆరు గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి వస్తాయి కాబట్టి మధ్యాహ్నం తిన్న మటన్‌ను సాయంత్రం ఎవరూ అనుమానించరు. కోడి, చేప ఇబ్బంది పెట్టవు. ఎలర్జీ డాక్టరును కలవండి. ఇది లైమ్ కాదు, ఆ గోమారి లైమ్‌ను ఎక్కించదు.

ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదా? టీకా ఉందా?

మళ్లీ కుడితే మళ్లీ వస్తుంది. 1998లో అమెరికాలో వచ్చిన టీకాను 2002లో ఉత్పత్తిదారే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కుక్కలకు ఉంది. మీ పిల్లల ఇంట్లో కుక్క ఉంటే దానికి వేయించి, గోమారి మందు నెలనెలా రాయించండి, అది సోఫా ఎక్కేముందు చెవులూ వేళ్ల సందులూ చూడండి.